తెలిసినవాని మౌనము



బేరము చేయునప్పుడు అబద్ధమాడరాదని మనకందరికిని తెలుసు. ఆదివారపు బడిలో చిన్నపిల్లలకు సైతము అది నేర్పుచున్నాము. అయితే ఒక్క అబద్ధమైనను ఆడకుండ, తూకములో తప్పకుండ, ఎదుటివారు అడిగిన ధర అడిగినట్లే వారి చేతిలో పెట్టి కూడ వారికి అన్యాయము చేయుట సాధ్యమా? ఈ ప్రశ్నను ఈసారి మీ ముందుంచుచున్నాము. దీనిని విచారించుటకు మేము ఎన్నుకొన్న వస్తువు మనలో పెద్దవారికి కొంత వింతగా తోచవచ్చును. అది జపాను దేశములో తయారైన పాత ఎలక్ట్రిక్ గిటారు.

ఎన్నుకొనుటకు కారణమున్నది. బెంగళూరులోగాని, చెన్నైలోగాని, బరంపురములోగాని, ముంబయిలోగాని, నేడు మన తెలుగు ఆరాధనలలో హార్మోనియము, డోలకు ప్రక్కన గిటారు కూడ వచ్చి నిలిచినది. వాయించు పిల్లలలో కొందరు క్రొత్త గిటారుకంటె పాత జపాను గిటారు మేలని వెదకి కొనుచున్నారు. కొని, బాగుచేసి, అమ్మి, మరియొకటి కొనుచున్నారు. అందులో తప్పేమియు లేదు. అయితే వారిలో కొందరు మమ్మును ఇట్లు అడిగినారు: "ఒక విధవరాలి ఇంటిలో, గతించిన భర్త ఓడ ఉద్యోగములో ఉండగా తెచ్చుకొన్న గిటారు బీరువా మీద దుమ్ముపట్టి ఉన్నదనుకొనండి. ఆమె అయిదు వేలు ఇస్తే చాలునన్నది. బజారులో అది యాభై వేలు పలుకునని మాకు తెలుసు. ఆమె అడిగినది ఇచ్చి తెచ్చుకొంటే తప్పేమిటి? ధర పెట్టినది ఆమే. మేము అబద్ధమాడలేదు."

పిల్లలు మంచి ప్రశ్న అడిగినారు. ఒక్క మాటలో తీసిపారవేయదగినది కాదు. ముందు ఆ వస్తువేమిటో, దాని విలువ ఎందుకు పెరిగినదో తెలిసికొనిన తరువాత ప్రశ్నకు వత్తము.

ఎలక్ట్రిక్ గిటారుకు వీణకున్నట్లు బోలు కుండ అవసరము లేదు. ఉక్కు తీగల క్రింద పికప్ అను చిన్న భాగముండును. అందులో అయస్కాంతము, దాని చుట్టు వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ ఉండును. పైన ఉక్కు తీగ కంపించినప్పుడు ఆ రాగి చుట్టలో కొద్దిపాటి విద్యుత్తు పుట్టును. దానిని యాంప్లిఫయరు పెద్దది చేసి స్పీకరుకు పంపును. కనుక ఈ వాద్యము మంచిదో కాదో తేల్చునవి ముఖ్యముగా మెడ నిటారుగా ఉండుట, మెట్లు అరగకుండుట, బిరడలు జారకుండుట, పికప్ మంచిదై ఉండుట. ఇవన్నియు చెయ్యి తిరిగిన పనివాని చేతిలో ఉన్నవి.

జపానులో ఈ పనికి పేరుపొందిన ఊళ్లు మూడు. నగోయా వర్తక కేంద్రము. హోషినో గక్కి అను సంస్థ అక్కడిదే. స్పెయిను దేశపు గిటారు పనివాడు సాల్వడోర్ ఇబానెజ్ పేరును తీసికొని తమ గిటార్లకు ఇబానెజ్ అని పెట్టుకొన్నవారు వీరు. హమమాట్సు యమహా పుట్టిన ఊరు. 1947లో ఆరంభమైన టోకాయి కూడ అక్కడిదే. మూడవది నగానో కొండప్రాంతములోని మట్సుమోటో. 1960లో స్థాపింపబడిన ఫుజిజెన్ అక్కడ ఇబానెజ్ వారికిని, గ్రెకో అను పేరుతో అమ్మిన కాండా షోకాయి వారికిని గిటార్లు చేసి ఇచ్చినది. అదే ఊరిలో కుట్టుమిషన్లకు చెక్కపెట్టెలు చేసిన మట్సుమోకు అను కర్మాగారము తరువాత గిటార్లవైపు మళ్లినది.

1960లలో జపాను గిటారంటే అమెరికావారికి చవక సరుకు. పుట్టినరోజునకు పిల్లవానికి కొనియిచ్చి, వాడు పెద్దవాడైన తరువాత అటక మీద పడవేయు వస్తువు. 1970లలో జపాను పనివారు ఫెండర్, గిబ్సన్ అను అమెరికా గిటార్లను ఎదుట పెట్టుకొని, అచ్చముగా వాటివలె చేయుట మొదలుపెట్టినారు. చేయగా చేయగా చెయ్యి కుదిరినది. ఎంతగా కుదిరినదనగా, 1982లో ఫెండర్ సంస్థయే జపాను వర్తకులతో కలిసి ఫెండర్ జపాన్ అను సంస్థను పెట్టి, తన పేరు గల గిటార్లను మట్సుమోటోలో ఫుజిజెన్ చేత చేయించినది. అనుకరించినవారినే అసలువారు పనికి పిలిచినారు.

తరువాత కాలము మారినది. 1985 సెప్టెంబరు 22న న్యూయార్కులోని ప్లాజా హోటలులో అయిదు దేశముల ఆర్థిక మంత్రులు కూడి డాలరు విలువ తగ్గించుటకు ఒప్పందము చేసికొన్నారు. అప్పటికి ఒక డాలరుకు దాదాపు 240 యెన్లు. 1987లో అది 150 యెన్లకంటె దిగిపోయినది. జపానులో చేసిన గిటారు విదేశములలో ప్రియమైనది. చవక గిటార్ల పని కొరియాకు తరలినది. మట్సుమోకు 1987లో మూతపడినది. అందుచేత ఆ కాలపు ఆ చేతిపని మరల రాదు. ఉన్నవి ఉన్నన్ని మాత్రమే. ఒకనాడు అటక మీద పడిన వస్తువును నేడు ప్రపంచమంతట వెదకుటకు కారణమిదే.

ఇప్పుడు ధర్మము మాటకు వత్తము. మొదట అమ్మువాని సంగతి, తరువాత కొనువాని సంగతి చూతము.

గిటారు తలభాగము మీద చేసినవారి పేరుండును. గ్రెకో గిటారు తల మీద గ్రెకో అనియే వ్రాసినారు. టోకాయి మీద టోకాయి అనియే వ్రాసినారు. కాని అక్షరముల వంపును మాత్రము దూరమునుండి చూచినవానికి గిబ్సన్ వలె, ఫెండర్ వలె కనబడునట్లు దిద్దినారు. పేరు నిజము, చూపు మోసము. ఇది పూర్తి అబద్ధము కాదు, పూర్తి సత్యమును కాదు. అయినను దగ్గరకు వచ్చి చదివినవానికి నిజము దొరకును. తరువాత వచ్చిన కొందరు ఆ పేరును గీకివేసి, అమెరికా పేరు అతికించి అమ్మినారు. ఇక్కడ దగ్గరకు వచ్చి చదివినను నిజము దొరకదు. పనివాడు నేర్చుకొనుటకు అనుకరించుట వేరు, అమ్మకందారు ఒకని కష్టము మీద మరియొకని పేరు పెట్టుట వేరు. మొదటిది బడిలో పిల్లవాడు గురువు దస్తూరిని దిద్దినట్టిది. రెండవది ఒకరి సంతకము ఇంకొకరు చేసినట్టిది.

మరియొక సంగతి. 1977 జూన్ 28న గిబ్సన్ యజమాని సంస్థయైన నార్లిన్, ఇబానెజ్ గిటార్లను అమెరికాలో అమ్మిన ఎల్గర్ అను సంస్థ మీద ఫిలడెల్ఫియాలోని కోర్టులో దావా వేసినది. తగవు గిటారు తలభాగపు ఆకారమును గూర్చినది. అప్పటికే ఇబానెజ్ వారు ఆ ఆకారమును మార్చుకొని యున్నారు. 1978లో ఇరుపక్షములు కోర్టు బయటనే రాజీపడినవి. సంగతి ఇంతే. అయితే నేడు 1970ల నాటి జపాను గిటారు ఏది దొరికినను, అది ఎవరు చేసినదైనను, "దావా గిటారు" అని పేరుపెట్టి ధర పెంచుచున్నారు. దావాతో ఏ సంబంధమును లేని గ్రెకోకు, టోకాయికి కూడ ఆ పేరే తగిలించుచున్నారు. వినువాడు, "కోర్టుకెక్కునంత బాగా చేసినారు కాబోలు" అనుకొనును. అమ్మువాడు ఆ తలంపును సరిదిద్దడు. మాట తనది, తప్పు అర్థము వినువానిది అని సరిపెట్టుకొనును.

తయారైన సంవత్సరము సంగతియు ఇట్టిదే. ఫుజిజెన్ చేసిన ఇబానెజ్ గిటార్లకు 1975 నుండి ఒక అక్షరము, దాని వెనుక అంకెలు గల సంఖ్య వేసినారు. అక్షరము నెలను, మొదటి రెండంకెలు సంవత్సరమును తెలుపును. సి 77 అని మొదలైన సంఖ్య 1977 మార్చి నెలది. కాని ఆ కాలపు గిటార్లనేకములకు సంఖ్యయే లేదు. లేనిచోట అమ్మువాడు తనకు లాభమైన సంవత్సరమును చెప్పును. తెలియదు అనుటకు ఖర్చేమియు లేదు, అయినను ఆ మాట బజారులో అరుదు.

ఇక దాచిన లోపములు. మెడ వంకరపోయిన గిటారు తీగలు వదులు చేసి ఉంచితే వంకర కనబడదు. తలభాగము విరిగి జిగురుతో అతికి పైన రంగు వేసినది చీకటి గదిలో తెలియదు. అసలు పికప్ తీసి అమ్ముకొని వేరొకటి బిగించినది మూత విప్పితేగాని తెలియదు. క్రిస్మసుకు కుమారుని చేతిలో ఒక గిటారు పెట్టవలెనని జీతములో నెలనెలా మిగిల్చిన తండ్రి, లేక కానుకల డబ్బుతో సంఘమునకు వాద్యము కొనుటకు వచ్చిన కమిటీవారు, ఇవన్నియు ఎట్లు కనిపెట్టగలరు? ఇక్కడ మనలో భేదాభిప్రాయముండదని తలంచుచున్నాము. తెలిసిన లోపము చెప్పి అమ్మవలెను.

కష్టమైన భాగము ఇప్పుడు వచ్చినది. లోపము తెలిసి చెప్పని అమ్మకందారును తప్పుపట్టుట మనకు సులభము. మరి విలువ తెలిసి చెప్పని కొనుగోలుదారు మాటేమిటి?

మన దేశపు చట్టమేమనుచున్నదో మొదట చూతము. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టము నేటికిని అమలులో ఉన్నది. దాని 17వ సెక్షను మోసము ననుసరించినది. సంగతి తెలిసి ఊరకుండుట మాత్రమే మోసము కాదని దాని సాధారణ సూత్రము. అందుకు ఆ చట్టము చేసినవారు ఒక గుఱ్ఱమును ఉదాహరణగా పెట్టినారు. ఒకడు రోగము గల గుఱ్ఱమును వేలములో అమ్మి రోగము సంగతి ఎత్తలేదు. అది మోసము కాదు. అయితే వెంటనే రెండవ ఉదాహరణ పెట్టినారు. అదే గుఱ్ఱము, అదే అమ్మకందారు, కొనునది మాత్రము అప్పుడే యుక్తవయస్సు వచ్చిన అతని కుమార్తె. అప్పుడు ఆ బంధుత్వమే అతని మీద చెప్పవలసిన బాధ్యతను పెట్టును.

పాఠము చెప్పిన అలవాటు చొప్పున మేము ఈ రెండు ఉదాహరణలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినాము. గుఱ్ఱము మారలేదు, రోగము మారలేదు, ధర మారలేదు. మారినది ఎదుట నిలిచిన మనిషి ఒక్కతే. చట్టము అన్యులకు ఒక కొలత, కుమార్తెకు ఒక కొలత ఉంచినది. చట్టము అంతకంటె ఎక్కువ అడుగజాలదు. దేశమందలి ప్రతివానిని నీ కుటుంబముగా ఎంచుకొమ్మని ఏ శాసనసభ ఆజ్ఞాపించగలదు? కాని సంఘము అట్లు ఆజ్ఞాపింపబడినది. ఒకే తండ్రిని పిలుచుచు ఒకే బల్ల యొద్ద రొట్టె విరుచు మనకు, ఆ విధవరాలు మొదటి ఉదాహరణలోని అన్యురాలా, రెండవ ఉదాహరణలోని కుమార్తెయా? ఆమె మన సంఘస్థురాలు కాకపోయినను, పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు చెప్పిన కథ ఎల్లలను ఎంత దూరము జరిపినదో మనకు తెలియనిది కాదు.

లేఖనములు ఈ సంగతిని విడిచిపెట్టలేదు. లేవీయకాండము 25వ అధ్యాయము 14వ వచనములో అమ్మునప్పుడు మాత్రమే కాక కొనునప్పుడును ఒకరినొకరు బాధింపరాదని ఉన్నది. దాని తరువాతి రెండు వచనములు ధర ఎట్లు కట్టవలెనో చెప్పుచున్నవి. సునాద సంవత్సరము దూరమైతే పొలము ధర హెచ్చు, దగ్గరైతే తక్కువ. ఏలయనగా చేతులు మారునది మట్టి కాదు, రాబోవు పంటల లెక్క. అనగా ధర వస్తువులో నిజముగా ఉన్నదానికి సరిపోవలెను, ఎదుటివాని అక్కరకు కాదు. సామెతలు 20వ అధ్యాయము 14వ వచనము కొనువానిని బాగుగా ఎరిగినది. సరుకును ఎదుట తీసికట్టుగా మాటలాడి, ప్రక్క వీధికి పోగానే మురిసిపోవు మనిషిని ఒక్క వచనములో చూపినది. మూడు వేల యేండ్లనాటి బజారుకును నేటి గిటారు బజారుకును ఎంత పోలిక!

దీనికి ఎదురుగా ఇద్దరు కొనుగోలుదారులు నిలిచియున్నారు. ఆదికాండము 23లో అబ్రాహాము మక్పేలా గుహను ఊరకనే ఇచ్చెదమన్నను ఒప్పుకొనక, నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చినాడు. అతడు ఆ దేశములో పరదేశి. పరదేశులముగా వచ్చి తరతరములుగా స్థిరపడిన మనకు అతని నడవడి దగ్గరిది. పొరుగుదేశమువారి యెదుట తలయెత్తుకొని నిలుచుటకు అతడు పూర్తి వెల ఇచ్చినాడు. దినవృత్తాంతముల మొదటి గ్రంథము 21లో దావీదు ఒర్నాను కళ్లమును ఊరక తీసికొనలేదు. తనకు ఖర్చు కానిదానిని దేవునికి అర్పించుటకు అతని మనస్సు ఒప్పలేదు. ఆరాధనలో వాయించు గిటారు కొనుచున్న యువకులు ఈ కథను మరియొకసారి చదువవలెనని మా కోరిక.

ఇక్కడ తెలివిగల యువకుడు ఒక ఆక్షేపణ తెచ్చును. తేవలెను కూడ. మత్తయి 13వ అధ్యాయము 44వ వచనములో, పొలములో దాచబడిన ధనము కనుగొనిన మనిషి దానిని మరల దాచిపెట్టి, తనకున్నదంతయు అమ్మి ఆ పొలమును కొన్నాడు గదా. పొలము యజమానునికి చెప్పలేదు. ప్రభువు అతనిని తప్పుపట్టలేదు. దీనికేమందురు?

మా జవాబిది. ప్రభువు ఆ కథను వర్తకపు రీతి నేర్పుటకు చెప్పలేదు. పరలోక రాజ్యము దొరికినవాని సంతోషమెట్టిదో, అతడు దానికొరకు ఏమి విడిచిపెట్టునో చూపుటకు చెప్పినాడు. అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని కథను ఆధారము చేసికొని మనము దొంగలెక్కలు వ్రాయము. రాత్రివేళ దొంగ వచ్చినట్లు ప్రభువు వచ్చునని ఉన్నందున దొంగతనమును మెచ్చుకొనము. మరియు ఆ మనిషి తనకు కలిగినదంతయు అమ్మినాడు. అయిదు వేలిచ్చి నలువది అయిదు వేలు మిగుల్చుకొనువాడు ఆ కథలో తన మొగము చూచుకొనుటకు వీలులేదు.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. "ఇవన్నియు నేర్చుకొనుటకు మాకు సంవత్సరములు పట్టినవి. ఏ సంఖ్య ఏ నెలదో, ఏ పికప్ అసలుదో, ఏ రంగు తరువాత వేసినదో ఊరక తెలియలేదు. చూచిన ప్రతి చోట తెలిసినదంతయు చెప్పివేస్తే మా నేర్పుకు ఫలమేమిటి?" ఈ తర్కము క్రొత్తది కాదు. క్రీస్తు పూర్వము 44లో రోమా వక్త సిసెరో తన కుమారునికి కర్తవ్యములను గూర్చి వ్రాసిన గ్రంథము మూడవ భాగములో దీనినే చర్చించినాడు. రోడ్సు ద్వీపములో కరవు. అలెగ్జాండ్రియా నుండి ఒక వర్తకుడు ధాన్యపు ఓడతో వచ్చినాడు. వెనుక మరికొన్ని ధాన్యపు ఓడలు వచ్చుచున్నవని అతనికి తెలుసు, రోడ్సువారికి తెలియదు. చెప్పవలెనా, ఊరకుండి ఎక్కువ ధరకు అమ్ముకొనవచ్చునా? చెప్పకుండుట దాచుట కాదని డయోజినీసు అను తత్త్వవేత్త పక్షము. మనుష్యులందరి మేలు కోరవలసినవాడు తెలిసినది చెప్పవలెనని ఆంటిపాటరు పక్షము. సిసెరో, ఆ వర్తకుడు దాచరాదనియే తీర్పు చెప్పినాడు. పౌలు రోమాకు చేరుటకు నూరేండ్ల ముందే, ధర్మశాస్త్రము లేని అన్యజనుడు మనస్సాక్షిచేత ఇంత దూరము వచ్చినాడు. మనము అతనికంటె వెనుకబడవచ్చునా?

అయినను యువకుల మాటలో న్యాయమున్నది. దానిని కాదనము. నేర్పుకు కూలి ఉన్నది. పాత గిటారును విప్పి, మెట్లు సానపట్టి, మెడలోని ఇనుప కడ్డీని తిప్పి వంపు సరిచేసి, తుప్పుపట్టిన తంతులు మార్చి, కొనువానిని వెదకువానికి లాభము రావలెను. పనివాడు తన కూలికి పాత్రుడు. కాని కూలి వేరు, ఎదుటివారి అజ్ఞానమును తవ్వుకొనుట వేరు. మన కష్టమునకు వచ్చినది కూలి. ఎదుటివారికి తెలియనందున మాత్రమే వచ్చినది వారి సొమ్ము, మన చేతిలో ఉన్నదంతే.

కనుక వివేచన కొరకు కొన్ని మాటలు చెప్పుచున్నాము. ఇవి శాసనములు కావు.

గిటార్ల వర్తకము చేయు అంగడివాడు తన వస్తువు మీద తానే ధర చీటి కట్టినాడు. తెలిసికొనుట అతని వృత్తి, తెలిసికొనుటకు అతనికి అవకాశమున్నది. అతడు తక్కువ కట్టినచో ఆ ధరకు కొనుట దోషమని మేము చెప్పము. అతడు అన్ని బేరములలో అట్టి లాభనష్టములకు సిద్ధపడి కూర్చున్నవాడు. కాని ఇంటిలో మిగిలిన ఒక్క వస్తువును అక్కరకొద్ది అమ్ముచున్న విధవరాలు అట్టిది కాదు. నేడు అందరి చేతిలో ఫోను ఉన్నది, వెదకి చూచుకొనవచ్చును గదా అందురేమో. ఏమి వెదకవలెనో తెలియనివారికి చేతిలో ఫోను ఉన్నను ప్రయోజనమేమి? ఆమె కంటికి అది ఒక పాత గిటారు, అంతే.

అట్టివారు, "ఇది ఎంత చేయును బాబూ?" అని అడిగినచో, నిజము చెప్పుట తప్ప వేరు మార్గము లేదు. అడిగిన తరువాత మౌనము కూడ అబద్ధమే. అడుగకపోయినను, ధరకును విలువకును నడుమ ఉన్న దూరము ఆమెకు బాధ కలిగించునంతటిదైతే చెప్పవలెను. "అమ్మగారూ, మీరు అడిగినది చాల తక్కువ. బాగుచేస్తే ఇది ఇంత పలుకవచ్చును. దీనికి ఇంత ఖర్చున్నది, నా కష్టము ఇంత. నేను మీకు ఇంత ఇవ్వగలను. మీరు వేరొకరిని అడిగి చూచుకొన్నను నాకు సమ్మతమే" అని చెప్పుటకు రెండు నిమిషములు పట్టును.

ఈ రెండు నిమిషముల వెల చిన్నది కాదని మాకు తెలుసు. ఆమె వేరొకరిని అడుగవచ్చును. ఆ వేరొకరు ఎక్కువ ఇచ్చి కొనిపోవచ్చును. లేక ఆమె కుమారుడు వచ్చి అసలు అమ్మనే వద్దనవచ్చును. ఎన్నాళ్లుగానో వెదకిన గిటారు కనుల యెదుటనే చేజారవచ్చును. నీతిగా నడిచినవానికి గిటారు దొరకునని మేము మాట ఇయ్యజాలము. అట్టి మాట లేఖనములును ఇయ్యలేదు. పోగొట్టుకొనుటకు సిద్ధపడనివానికి ఈ విషయములో నీతి లేదు.

పరీక్ష ఒక్కటి చెప్పుచున్నాము. మీరు కొన్నది ఎంతకు అమ్మినారో ఆమెకు ఒకనాడు తెలిసినదనుకొనండి. ఆ మరుసటి ఆదివారము ఆమె కూర్చున్న వరుసలోనే కూర్చుండి, ఆమె అందించిన ప్రభు భోజనపు పళ్లెరమును చెయ్యి వణకకుండ అందుకొనగలరా? అందుకొనగలిగితే ఆ బేరము మంచిది. ఎంత లాభము వచ్చినను మంచిదే. అందుకొనలేకపోతే, అడిగిన ధర అడిగినట్లే ఇచ్చినను అందులో ఏదో బాకీ ఉన్నది.

ఈ మాటలు మనవంటివారికి మరి ఎక్కువగా తగిలినవి. మన పెద్దలలో అనేకులు గనులకు, మిల్లులకు, రైలు పనులకు, రోడ్డు పనులకు ఈ పరాయి రాష్ట్రములకు వచ్చినవారు. వారిలో చదువు లేనివారే హెచ్చు. మేస్త్రీ చదివి వినిపించినది ఒకటి, కాగితము మీద ఉన్నది ఒకటి. వడ్డీవాని పుస్తకములో ఎంత వ్రాసియున్నదో వారికి తెలియదు. చూపిన చోట వ్రేలిముద్ర వేసినారు. ఆ మేస్త్రీ, ఆ వడ్డీవాడు ప్రతిసారి అబద్ధమాడలేదు. అనేకమారులు వారు చేసినదెల్ల ఊరకుండుటయే. తెలిసినవాని మౌనము తెలియనివానికి ఎంత ఖర్చు అగునో మన ఇండ్లలో మూడు తరములు జీతము కోసి కట్టి తెలిసికొన్నవి. అందుచేతనే మన పితరులు పూరి పాకలలో గుడి కట్టుకొన్న చోటనే బడి కూడ పెట్టుకొన్నారు. తమ పిల్లలు ఇక ఎవరి మౌనమునకును బలికారాదని.

ఆ పిల్లల పిల్లలు నేడు చదివినారు. లోకమందలి వస్తువుల వెల ఎరిగినారు. మట్సుమోటోలో ఏ నెలలో ఏ గిటారు తయారైనదో సంఖ్య చూచి చెప్పగలవారైనారు. దానికొరకు దేవుని స్తుతించుచున్నాము. కాని నాడు బల్లకు ఆ ప్రక్కన కాగితము పట్టుకొని కూర్చున్నవాని చోటు నేడు మనకు వచ్చినది. ఈ ప్రక్కన మరియొకరి తల్లి నిలిచి, అయిదు వేలు చాలు బాబూ అనుచున్నది. మన పితరులకు దొరకని మాటను ఆమెకు చెప్పుటకు మన నోటిని తెరచు కృపను ప్రభువు మనకందరికిని అనుగ్రహించును గాక. ఆమేన్.